రంగూన్ సీసా

12 జూన్ 1968, కళింగపట్నం

పొద్దున్నుంచి ఒకటే ఉక్క. దుకాణం ముందు పందిరికి కొత్త తాటాకు వేశాను.

మధ్యాహ్నం శ్రీకాకుళం నుంచి కూల్‌డ్రింకుల వ్యాను వచ్చింది. ఎన్ని ఖాళీ సీసాలు ఇస్తే అన్ని నిండువి ఇస్తారు. ఖాళీ ఒకటి తక్కువైందని, మా నాన్న రంగూన్ నుంచి తెచ్చిన సీసాను దుకాణంలో నాతో ఉండే బావ వ్యాను వాళ్ల పెట్టెలో పెట్టేశాడు. అక్కడి పండగకని బర్మా అక్షరాలతో చేసిన సీసా. నేను భోంచేసి వచ్చేసరికి వ్యాను లేదు.

"అది నాన్నదని తెలీదేటి, బావా?"

"ఒరే, ఖాళీ సీసాకి ఇంత గోలేటి? ఆ కంపెనీదే కదా! ఏ దేశంలో ఆ దేశం రాత ఏస్తారట, లోపలి సరుకొకటేనట. వ్యాను ఏజెంటే సూసి నవ్వి సెప్పినాడు."

చూసి కూడా తీసుకుపోయాడన్నమాట! సరుకు వాళ్లదే కావచ్చు. రంగూన్‌లో అన్నీ వదులుకొచ్చిన నాన్న చేతిలో మిగిలింది ఆ సీసా ఒక్కటే. దాంట్లో ఇంకెవడికో రంగునీళ్లు నింపుతారా?

సీసా లేకుండా గుమ్మం తొక్కొద్దన్నాను. బావ ఆరింటి బస్సుకి శ్రీకాకుళం వెళ్లాడు.