నెత్తళ్ల ఫోల్డరు చెరపను

మంగినపూడి,
శుక్రవారం.

చిరంజీవి అక్షితకు నాన్న దీవెనలు. ఇక్కడ మీ అమ్మ, నేను, మాణిక్యమ్మ పెద్దమ్మ బాగున్నాం. కంప్యూటరు ఒక్కటే బాగాలేదు. మీ గుడివాడ హాస్టలు వాళ్లు ఫోను పట్టుకోనివ్వకపోవడం నాకు మంచిదే అయింది. ఫోనులో అయితే సగం మాటలోనే "నాన్నా, నీకు తెలీదులే" అంటావు. కాగితానికి అడ్డు తగల్లేవు కదా.

కంప్యూటరు ఎందుకు ఆగిపోతోందో చూశావా అని అడిగావు. నువ్వు రాసినట్టే చేశాను. ఎర్రగా నిండిపోయిన గీత చూశాను. ఒక్కో ఫోల్డరు మీద మౌసు కుడివైపు నొక్కి సైజు చూశాను. నా కామెడీ సినిమాలే చోటంతా తినేస్తున్నాయని మీ అమ్మ పందెం కాసి ఓడిపోయింది. డిస్కు మొత్తం మింగి కూర్చున్నది కెమెరా ఫోల్డరు. మన చూరుకు కట్టిన కెమెరా రెండేళ్లుగా ఎదుటి ఇసుక దిబ్బను తీస్తూనే ఉంది. పాతవి తీసెయ్యాలని నాకెవరైనా చెబితే కదా.

అన్నిటికంటే పెద్దది చెరిపెయ్యమని రాశావు. చెరపను.

ఎందుకో విను. రిసార్టు కట్టే ఆయన ఆ దిబ్బ కావాలంటున్నాడు. అక్కడ చేపలు ఎండబెట్టేవాళ్లే లేరని, ఏళ్లుగా ఖాళీగా పడి ఉందని అర్జీ పెట్టాడు. సోమవారం తహసీల్దారు గారు విచారణకు వస్తున్నారు. మొన్న తహసీల్దారు ఆఫీసు మనిషి వచ్చి, ఎండబెడుతున్నట్టు రుజువేమిటని మీ అమ్మను అడిగాడు. "నీ చొక్కా వాసన చూసుకో బాబూ" అంది మీ అమ్మ. నవ్వాడు గానీ రాసుకోలేదు.

అందుకని ఫోల్డరు తెరిచాను. పొద్దున్నే నెత్తళ్ల చేపలు పరవడం, ఎండెక్కాక తిరగెయ్యడం, కాకుల్ని తోలడం, మబ్బు పడితే పరదాలు పట్టుకుని పరుగెత్తడం. అంతా తేదీతో సహా ఉంది. ఏమీ జరగని చెత్త అని నువ్వన్నది దీన్నే. నాకు ఆ చెత్తే కావాలి.

ఇప్పుడు అసలు మాట. కెమెరా దొంగల కోసమని మీ అందరికీ చెప్పాను. కాదు, మీ పెద్దమ్మ కోసం. దిబ్బ మీద ఆవిడ చేపల గంపలో రబ్బరు పాము పెట్టేది నేనే. వదిన గెంతులు మళ్లీ మళ్లీ చూసుకోవాలని కట్టించాను. పాపం, సర్పదోషమని మోపిదేవి వెళ్లి మొక్కుకొచ్చింది. ఆటో మాట్లాడి పెట్టింది కూడా నేనే. ఆ వీడియోల్లో ఎవడో లుంగీ ఎగ్గట్టి పిల్లిలా వచ్చి గంప మూత ఎత్తుతుంటాడు. మొహం స్పష్టంగా పడింది.

ఆ రోజులు మాత్రం తీసెయ్యొచ్చుగా అంటావు. తీసేస్తే, ఆ రోజుల్లో దిబ్బ ఖాళీగా ఉందంటాడు రిసార్టు ఆయన లాయరు. ఒక్క రోజు కూడా తియ్యను. నా సినిమాలన్నీ, నీ డాన్సు వీడియోలతో సహా చెరిపేసి, సోమవారం దాకా కెమెరా ఆగకుండా చోటు చేశాను. తిట్టుకో.

సోమవారం దిబ్బ మీదే టేబులు వేసి ఊరందరి ముందూ ఆ వీడియోలు ఆడిస్తాను. తహసీల్దారు గారి పక్కనే మాణిక్యమ్మ వదినకు కుర్చీ వేయిస్తున్నాను. ఆవిడ చీపురు తిరగేస్తుందని తెలుసు. కొట్టనీ. కొట్టేది మన దిబ్బ మీదే కదా, అదీ కెమెరాలో పడుతుంది.

బాగా చదువుకో. వచ్చేటప్పుడు పెద్ద డిస్కు పట్టుకురా.

ఇట్లు,
నీ పాముల నాన్న,
సత్తయ్య