జ్వరం సర్వేలో మన ఇల్లు

తమ్ముడు సాంసన్‌కు,

ఫోన్‌లో అయితే అమ్మ వింటుందని కాగితం మీద రాసి, ఫొటో తీసి పంపుతున్నాను.

నిన్న నువ్వడిగావు: "అక్కా, మా మస్కట్ క్యాంపుల మూడొందల మందికి కరోనా వస్తె ఒక్కడు గూడ పోలె. మనూర్ల నలుగురికి వస్తె ముగ్గురు పోయిండ్రంట. గాడ రోగం వేరే ఉన్నదా ఏంది?"

రోగం ఒక్కటేరా. అక్కడ దగ్గు లేని కుర్రాళ్లకు కూడా ముక్కులో పుల్ల పెట్టి చూశారు. ఇక్కడ నడవలేక ఆటోలో దవాఖానకు తీసుకుపోయిన ముసలివాళ్లకే చూశారు. మిగతా ఊరంతా దగ్గుతున్నా లెక్కలో లేదు. ఇంట్లోనే పోయిన ఎల్లన్న మామ కూడా ఆ లెక్కలో లేడు.

ఆశా కార్యకర్తగా ఆ లెక్క రాసేది నేనే. జ్వరం సర్వేకు పోతే అందరూ "ఎండదెబ్బ బిడ్డా, గంతే" అంటారు. పేరెక్కితే కూలికి పిలవరని వాళ్ల భయం. నేనూ "లేదు" అనే రాస్తాను.

ఇవాళ మన ఇంటి వంతు వచ్చింది. ఏసమ్మ, అరవై రెండేళ్లు, జ్వరం లేదు, దగ్గు లేదు అని రాశాను. రాస్తున్నంతసేపూ అమ్మ పక్కనే దగ్గుతోంది. "నా పేరు రాయకు బిడ్డా. దవాఖానకు పోయినోళ్లల్ల ఎంతమంది తిరిగొచ్చిండ్రు?" అంది.

ఊపిరి అందనప్పుడు పోతే ఎవరు తిరిగొస్తారు? ముందే పోతే తిరిగొస్తారు. నాకు భయంగా ఉంది సాంసన్. రేపు పదింటికి ఆ కాగితం ఇచ్చెయ్యాలి. తొమ్మిదిలోపు అమ్మకు ఫోన్ చేసి ఒప్పించు. నీ మాటైతే వింటుంది. "లేదు" కొట్టేసి "ఉంది" అని రాసి, నేనే పరీక్షకు తీసుకుపోతాను.

అమ్మ ఇవాళ ఇంకా నడుస్తోంది.

నీ అక్క