బూడిదనీళ్లలో నీ దుప్పటి

నానమ్మా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మొన్న యూనివర్సిటీల మధ్యయుగపు ఇళ్ల దుప్పట్ల మీద మహాగంభీరంగా సెమినార్ ఇచ్చిన. సబ్బు లేని ఇళ్లల్ల బూడిదనీళ్లతో ఉతికేటోళ్లు అనంగనే క్లాసంతా నవ్వింది. "ఏదీ, ఉతికి చూపియ్ రా!" అన్నడు నా రూమ్మేట్.

తార్నాకల ఇస్త్రీబండి అన్న దగ్గర బొగ్గుల బూడిద అడుక్కొచ్చిన. తెల్ల దుప్పటి మాత్రం నా దగ్గర నీదొక్కటే ఉన్నది. నీ వాసన పోతదని ఏడాదిగా ఉతకలే. "మురికిని మురిపెంగా దాచుకుంటవారా, గాడిదా?" అని నువ్వు తిట్టినట్టే అనిపించింది. మన లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌ల నువ్వు నేర్పినట్టే బూడిదనీళ్లు వడగట్టి, ఆ తేటనీళ్లల్ల దుప్పటి నానబెట్టిన.

తెల్లగ వచ్చింది. రూమ్మేట్ తన దుప్పటి కూడా తెచ్చి నా బకెట్ల పడేసిండు.

నీ వాసన పోయింది, నానమ్మా. నీ ఉతుకుడు మాత్రం నా చేతులకొచ్చింది. నీకు శతకోటి దండాలు.

నీ గాడిద