గదికి ఇరవై మూడు నిమిషాలు

బోరబండ,
మంగళవారం

ప్రియమైన అమ్మా,

బియ్యం డబ్బా మూత కింద కాగితం చూసి భయపడకు. నువ్వు తెల్లవారి ఐదింటికే డ్యూటీకి పోతావు. నేను అమీర్‌పేటలో క్లాసు, దుకాణం పని ముగించుకుని వచ్చేసరికి నిద్రపోతుంటావు. ఒకే ఇంట్లో ఉండి, ఆదివారం చర్చిలో తప్ప ఒకరి ముఖం ఒకరం చూడటం లేదు. అందుకే రాస్తున్నాను. నువ్వూ రాయి. నేను నేర్పిన అక్షరాలు మరచిపోకుండా ఉంటాయి. ఫోన్ చేస్తే ఒప్పుకోను.

ఒక సాయం కావాలి. మా డేటా కోర్సులో చివరి పని ఇచ్చారు. నిజమైన పనిచోటు నుంచి కొన్ని అంకెలు తెచ్చి వాటి సగటు కట్టాలి. ఆ సగటుకు అవి ఎంతెంత దూరంగా చెదిరి ఉన్నాయో కూడా చెప్పాలి. బాగా చేసినవాళ్ళ పేర్లు ఉద్యోగాలకు పంపుతానన్నారు చక్రపాణి సారు. అందరూ అన్నల ఆఫీసుల నుంచి, బాబాయిల కంపెనీల నుంచి తెస్తున్నారు. నాకు నువ్వే ఉన్నావు. మీ పంజాగుట్ట ఆసుపత్రిలో పేషెంటు ఖాళీ చేసిన గదిని శుభ్రం చేయడానికి మీ ఆరుగురికీ ఎంతెంతసేపు పడుతుందో సూపర్‌వైజర్ ఫణీంద్ర గారిని అడిగి రాయించు. పేర్లు వద్దు. ఒకటి నుంచి ఆరు అని నంబర్లు చాలు.

నీ బిడ్డ,
జాయ్సీ


శనివారం

బిడ్డ జాయ్సీకి అమ్మ దీవెనలు.

ఫణీంద్ర సారు ఫోన్ల టైము పెట్టుకొని మూడు దినాలు మా ఎంబడి తిరిగిండు. "ఏందే జీవమణీ, నీ బిడ్డ మా ఆసుపత్రికే పరీక్ష పెడ్తున్నదా?" అని నవ్విండు. ఇది మా జాయ్సీ పరీక్ష అని అందరికి చెప్పిన. మస్తు సంతోషపడ్డరు. జానకీదేవక్క ఐతె, "ఏంటి, మన చీపురు కూడా కాలేజీకి వెళ్తోందా?" అన్నది.

చీటీల ఇట్ల ఉన్నది. 20, 21, 19, 22, 20, 36.

మంచి మార్కులొస్తయా? ఇంక తక్కువ కావాల్నంటె చెప్పు.

తప్పులుంటె దిద్దు.

అమ్మ,
జీవమణి


మరుసటి శుక్రవారం

ప్రియమైన అమ్మా,

నీ చీటీ నా జాతకం మార్చేసింది.

సగటు అంటే ఏమిటో చెబుతాను విను. ఆరు గ్లాసుల్లో చాయ్ ఎక్కువ తక్కువగా ఉందనుకో. అంతా ఒక గిన్నెలో పోసి మళ్ళీ సమానంగా వంచితే గ్లాసుకు వచ్చేదే సగటు. మీ నిమిషాలన్నీ కలిపితే నూట ముప్పై ఎనిమిది. ఆరుతో భాగిస్తే ఇరవై మూడు. విచిత్రం చూడు, సరిగ్గా ఇరవై మూడు నిమిషాల్లో చేసేవాళ్ళు మీలో ఒక్కరూ లేరు. ఆ తరువాత ఒక్కో అంకె ఇరవై మూడుకు ఎంత దూరమో తీసుకుని, ఆ దూరాల వర్గాల సగటుకు వర్గమూలం కట్టాను. దాదాపు ఆరు వచ్చింది. దాన్ని ప్రామాణిక విచలనం అంటారు. ఇరవై మూడూ ఆరూ ఇరవై తొమ్మిది. ఐదుగురు దాని లోపలే ఉన్నారు. ఆరో నంబరు ఒక్కటే ఎక్కడో దూరంగా నిలబడింది. ఎవరని నేను అడగలేదు. అంకెను అంకెగానే చూడాలంటారు మా సారు. రిపోర్టు చివర ఒక సూచన తప్పకుండా ఉండాలన్నారు కాబట్టి, "ఇరవై తొమ్మిది నిమిషాలు దాటినవారిని పరిశీలించాలి" అని రాశాను.

అంకెలు ఇచ్చినందుకు ఒక కాపీ ఆసుపత్రికి తీసుకెళ్ళి ఇస్తే, ఫణీంద్ర గారు రెండుసార్లు చదివారు. "మా ఆఫీసుల గిట్ల లెక్క చేసేటోళ్ళు లేరమ్మా, ఒకటో తారీఖు నుంచి వచ్చెయ్" అన్నారు. అమ్మా, మన ఇంట్లో కుర్చీలో కూర్చుని పనిచేసే మొదటి మనిషిని నేనే. లిఫ్టులో ఏడ్చాను. క్లాసు సాయంత్రం బ్యాచికి మార్చుకుంటున్నాను. కాబట్టి ఉత్తరాలు ఆపకు.

నీ బిడ్డ,
జాయ్సీ


బుధవారం

జాయ్సీకి,

నువ్వు ఉద్యోగంల చేరి మూడు వారాలాయె. మీ అంతస్తుకు మమ్ముల రానియ్యరు. అందుకే ఇక్కడనే రాస్తున్న.

జానకీదేవక్కను తీసేసిండ్రు. సారు నీ కాగితం చూపెట్టిండు. ఇరవై తొమ్మిది కాడ ఎర్ర గీత, దాని మీద ఆమె. ఆమెకు చదువు రాదు. గీతను మాత్రం చూసింది. కళ్ళద్దాలు కొంగుతోని తుడుచుకొని పోయింది. పదహారేండ్లు చేసింది అక్కడ.

నీకు చెప్పని మాట ఒకటున్నది. గా మూడు దినాలు మేము ఉరికినం. మామూలుగ గదికి ముప్పై నిమిషాలు పడ్తది. నీకు మార్కులు రావాలని మంచాల కింద సుత తుడువలే. జానకీదేవక్కను సుత ఉరుకుమన్న. "పిల్ల చదువుకి దొంగలెక్క ఇస్తావేంటి జీవమణీ? నా మోకాలికి ఎంత పడితే అంతే రాయించు" అన్నది.

ఇప్పుడు గోడకు ఇరవై మూడు అని అంటుపెట్టిండ్రు. దినాం ఉరుకుతున్నం.

తప్పులుంటె దిద్దు.

అమ్మ


గురువారం

అమ్మా,

నిన్న ఇంటికి వచ్చి నీ ఉత్తరం చదివాను. అప్పటికే ఆలస్యమైంది.

నిన్న మధ్యాహ్నం ఫణీంద్ర గారు మిగిలిన ఐదుగురికీ మళ్ళీ లెక్క కట్టమన్నారు. ముప్పై ఆరు పోయింది కాబట్టి సగటు ఇరవై పాయింట్ నాలుగుకు దిగింది. విచలనం ఒక్క నిమిషానికి కుంచించుకుపోయింది. రెండూ కలిపితే ఇరవై ఒకటిన్నర కూడా లేదు. నాలుగో నంబరుది ఇరవై రెండు. గీత దాటింది. కాగితం ఆయన బల్ల మీద పెట్టి క్లాసుకు వెళ్ళిపోయాను.

ఈరోజు పొద్దున్నే ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆ అంకెలు నిజం కాదు, వాళ్ళు నా కోసం ఉరికారు అని చెప్పాను. నవ్వారు. "ఉరికిండ్రంటే ఉరకొస్తదనే కదమ్మా! లెక్క నువ్వే చేసినవ్, గిప్పుడు నువ్వే తప్పంటున్నవ్. జర కూసో, చాయ్ తాగు." అమ్మా, తాగాను.

నలుగురికి కూడా కట్టి చూశాను. అప్పుడు ఇరవై ఒకటి బయటికి పోతుంది. ఆరు అంకెల్లో నిజమైనది ఒక్కటే, దాన్నే నేను ముందుగా గీత అవతల నిలబెట్టాను. పదో తరగతి పరీక్షకు నన్ను సెంటర్ దాకా నడిపించిన జానకీదేవి పెద్దమ్మను.

నాలుగో నంబరు ఎవరు? అడగకూడదనుకున్నదే ఇప్పుడు అడుగుతున్నాను.

జాయ్సీ


శుక్రవారం

జాయ్సీకి,

నాలుగో నంబరు నేనే.

నేను సుత అందరి లెక్కనే ఉరికిన. కానీ జానకీదేవక్క నిండు బకెట్ మోయలేదు. ప్రతి గదికి ఆమె బకెట్ నేనే మోసిచ్చిన. రెండు నిమిషాలు అండ్లనే పోయినయి. అవి రాసెటందుకు నీ కాగితంల గడి ఉన్నదా బిడ్డా?

ఇయ్యాల సారు నాకు సుత కాగితం చూపెట్టిండు. గీత నాకు తెలిసిందే. కింద చిన్న అక్షరాలుంటె కూడబలుక్కొని చదివిన. తయారు చేసినది జాయ్సీ అని ఉన్నది. ఆ ఆసుపత్రిల నా అంతట నేను చదివిన మొదటి మాట అదే.

కుర్చీ ఇడువకు. నువ్వు లేస్తె ఇంకొకరు కూసుంటరు, గంతే. రేపు మధురానగర్‌ల లేడీస్ హాస్టల్ పనికి అడగనీకి జానకీదేవక్క, నేను పోతున్నం. ఆమె నన్ను ఏమనలేదు. నిన్ను సుత ఏమనలేదు.

నాకు కోపం లేదని రాయాలని కూసున్న. దొంగలెక్క ఇయ్యద్దని అక్క చెప్పింది గదా, అందుకే రాస్తలేను.

బియ్యం డబ్బాల ఇంక కాగితం పెట్టకు. రేపటి సంది పొద్దుగాల నువ్వు లేచెవరకు ఇంట్లనే ఉంట. చెప్పేదుంటె నా మొకం చూసి చెప్పు.

అమ్మ