నీ నొసట కూసున్న నల్ల డబ్బ

లత బాపూ,

ఎట్లున్నవు? ఇక్కడ మేము బాగనే ఉన్నం. నువ్వు పోయి పదకొండు నెలలు దాటింది. ఇంక తొమ్మిది రోజులల్ల నీ యాడాది.

పోయిన మనిషిని ఎట్లున్నవని అడుగుడేందని నవ్వకు. ఉత్తరం క్షేమం అడిగే మొదలు కావాలని చెప్పింది నువ్వే. పాత బస్టాండు దగ్గర నీ టైపు ఇన్‌స్టిట్యూట్‌ల మేము కొట్టిన మొదటి ఉత్తరం గదే గదా... యాదికున్నదా?

ఏడ్చుకుంట రాస్తున్ననని అనుకోకు. కోపంతోని రాస్తున్న. కంప్యూటర్ మీద కోపం, అల్లుని మీద కోపం, ఫ్లెక్సీ కొట్టినోని మీద కోపం. నువ్వుంటె గీ మూడిట్ల ఒకటన్నా నీ మీదికి మళ్లిచ్చేదాన్ని. లేకపోతివి. అన్నీ నేనే మొయ్యాల్సి వస్తున్నది.

సంగతేందంటె, నీ యాడాది కార్డు నేనే టైపు చేస్తనని పట్టువట్టిన. ఎందుకో నీకు తెల్వదు. నీ దశదిన కర్మ కార్డు బయట ప్రెస్సుల కొట్టిచ్చిన్రు. ఆ ప్రెస్సాయన అంతకుముందు ఎవలకో కొట్టిన కార్డు తీసిండు. పేరు మార్చిండు, ఫొటో మార్చిండు, కడమదంత అట్లనే ఉంచిండు. సిద్దిపేటల సగం మందికి టైపు నేర్పిన సారువి... కార్డుల నువ్వు మాకు "మాతృమూర్తి"వి అయినవ్. ఇంటింటికి పంచిన్రు. ఒక్కలు చదవలేదు. నేను సుత చదవలేదు. ఆ పదిరోజులు నా కండ్లకు ఏం కనవడ్డది గనుక?

నెల తర్వాత బీరువల దొరికితె చదివిన. ఆ పూట అన్నం ముట్టలేదు.

"ఒక్క తప్పుంటె కాయితం మార్చు. రబ్బరు వెట్టి రుద్దితె తప్పు పోదు, కాయితానికి బొక్క పడ్తది." అనుకుంట ఎంతమంది ఆడపిల్లలను ఏడిపిచ్చినవ్? అసొంటి నీ కార్డే గట్ల అచ్చయితదా?

అందుకే ఈసారి నా చేతులతోనే. నీ కంప్యూటర్ మీదనే. పాత టైపు మిషిన్ల అక్షరాలు ఏడేడ ఉంటయో గాడగాడనే ఉండేటట్టు నువ్వు పెట్టిచ్చుకున్న కీబోర్డుతోనే. నా వేళ్లకు ఇంకో తొవ్వ రాదు.

సోమవారం పొద్దున కూసున్న. తెరిస్తె నీలం రంగు తెర. అప్‌డేటు అయితున్నదట, బంద్ చెయ్యొద్దట. చాయ్ తాగిన. పప్పుల రాళ్లు ఏరిన. తానం చేసొచ్చిన. ఇంకా సున్నాలు తిరుగుతనే ఉన్నయి. ఎవరడిగిన్రు దాన్ని మంచిగ చెయ్యమని? మంచిగున్నదాన్ని మంచిగ చేసుడంటె చెడగొట్టుడే గదా...

తిరుగుడు ఒడిసినంక చూస్తె తెర మీద ఒక నల్ల డబ్బ. బొటనవేలంత. దాంట్ల తెలుగు అని రాసి, పక్కన చిన్న కీబోర్డు బొమ్మ. ఏ కాయితం తెరిచినా దాని మీదికెక్కి కూసుంటది. దాని కింద పడ్డ అక్షరం మళ్ల కనవడదు. పక్కకు గుంజితె జరుగుతది. కంప్యూటర్ బంద్ చేసి తెరిస్తె మళ్ల అదే జాగల హాజరు.

నేను ఏ భాషల కొడుతున్ననో నాకు చెప్తున్నదట! అరవై తొమ్మిదేండ్ల సంది తెలుగుల తిడుతున్న మనిషిని. తెలుగుల ఉన్నవమ్మా అని ఇది చెప్తె నేను తెలుసుకోవాల్నా? నువ్వు మా చేతుల మీద తువ్వాల కప్పి టైపు కొట్టిచ్చినవ్. "కండ్లు కాయితం మీద. వేళ్ల సంగతి వేళ్లకెరుక." అంటివి. నీ దగ్గర లోయరు, హయ్యరు టైపు పరీక్షలు రెండూ పాసైనదాన్ని. నాకు బొమ్మ వెట్టి చూపిస్తది, ఒకటో తరగతి పిల్లకు చూపిచ్చినట్టు.

లతకు ఫోన్ చేసిన. ఉంటె ఉండనీయమ్మా, అది నిన్నేమంటున్నది అన్నది నీ బిడ్డ. ఇంట్ల పాము తిరుగుతున్నదని చెప్పినా గట్లనే అంటదేమో. అంత ఓపిక ఎవలదో... నాది మాత్రం కాదు.

నేను ఊకోకపోతె మంగళవారం అల్లుణ్ని పంపింది. నరేందర్ గజ్వేల్ బస్సు దిగి వచ్చిండు. అప్పటికి కార్డు టైపు ఒడిసింది. మీద నీ ఫొటో సుత పెట్టిన. ఆ డబ్బ ఒక్కటే సక్కగ వచ్చి నీ నొసట కూసున్నది. ఇది తీసిపెట్టు బిడ్డా, ఇంకేం ముట్టకు అని చెప్పిన. నడుం మీద చెయ్యి వెట్టుకొని కంప్యూటర్‌ను శానసేపు చూసిండు. పెండ్లిచూపులల్ల లతను సుత అంతసేపు చూడలేదు. చూసి చూసి, మా ఆఫీసుల గూడ గిట్లనే వచ్చింది అత్తమ్మా, ఎవ్వరం తియ్యలేదు అన్నడు. అదేదో ధైర్యం చెప్పినట్టు!

నేను చాయ్ పెట్టేటందుకు వంటింట్లకు పోయిన. గంతల్నే తెర మీద ఏముంటె అది, ఉన్నది ఉన్నట్టు ఫొటో తీసి, ఫ్లెక్సీ దుకాణానికి వాట్సాప్ కొట్టిండు. నాకు చెప్పలేదు. కార్డులు ఎవలు చదువుతరు, ఫ్లెక్సీ కడితె ఊరంత చూస్తది అని ఆయన లెక్క. ఊరంత చూసుడేమో నిజమే అయింది.

నీకు ఫ్లెక్సీలంటె ఎంత మంట. "బతికినన్నాళ్లు ఐదడుగులే ఉండె. సచ్చినంక ఎనిమిదడుగులు ఎట్ల పెరిగిండే?" అని తొవ్వ పొడుగున అడుగుకుంట నడిచెటోనివి. నువ్వు సుత పెరిగినవ్. అల్లుడు ఆ రాత్రి ఈడనే ఉండె. బుధవారం పగటిపూట నేను నడుం వాల్చి లేచేసరికి గేటుకు కట్టి ఉన్నవ్. నొసట నల్ల డబ్బ. డబ్బల తెలుగు. పక్కన కీబోర్డు బొమ్మ అన్నం తినే కంచమంత.

ఎదురింటి కనకవ్వ వచ్చి దండం వెట్టింది. పెట్టి, సారు ఏ పార్టీల ఉండె అక్కా, గీ గుర్తు ఎవలది అని అడిగింది. ఎక్కిరిస్తున్నదా అని మొహం చూసిన. లేదు, నిజంగనే అడుగుతున్నది. ఇంతల పాలాయన సైకిలాపి, ఓట్లు ఎప్పుడమ్మా అన్నడు. ఆయన మాత్రం నవ్విండు.

ఇప్పమన్న. నరేందర్ ఇప్పడాయె. అత్తమ్మా, దండ కొంచెం మీదికి కడితె డబ్బ కానరాదు అంటడు. నొసటికి పూలు కట్టుడు యాడన్న ఉన్నదా? మీ మామకు బాసింగం కట్టి మళ్ల పెండ్లి చేస్తున్నవా అని అడిగిన. చాయ్ సగం ఇడిసి గజ్వేల్ బస్సెక్కిండు.

నేను, కనకవ్వ కలిసి ఇప్పినం. పారేద్దామంటె మొహం నీదాయె. మొహం లోపలికి వచ్చేటట్టు మడతవెట్టి సజ్జ మీద పెట్టిన. ఎలుకలు కొరికినా ఎనకదిక్కే కొరకాలె.

గురువారం కంప్యూటర్ దుకాణపాయన వచ్చిండు. కూసోకుంటనే నాలుగు నొక్కులు నొక్కిండు. డబ్బ పోయింది. అబ్బ, పనిమంతుడు అనుకున్న. ఆయన లేచినంక ఒక అక్షరం కొట్టి చూస్తె ఇంగ్లీషు పడ్డది. ఇంకోటి కొట్టిన. ఇంగ్లీషే. ఏంది నాయినా అంటె, డబ్బల తెలుగు అని ఉన్నది గద మేడం, అందుకే కంప్యూటర్ల తెలుగే తీసేసిన అన్నడు. చెప్పు కరుస్తున్నదంటె కాలు తీసేసే రకం!

పైంగ ఒక సలహా. ఇంగ్లీషు అక్షరాలతోని కొడితె తెలుగు అదే పడ్తదట. ఏ, ఎం, ఎం, ఏ కొడితె అమ్మ వస్తదట. శాన ఈజీ అట. నా అమ్మను పిలిచేటందుకు గా నాలుగు ఇంగ్లీషు అక్షరాలను అనుమతి అడగాల్నా? పాత మిషిన్ తీర్గ ఇప్పుడు ఎవలు కొడుతున్నరు మేడం అన్నడు. నేను కొడుతున్న, కనవడ్తలేనా అన్న. పొయ్యొస్త అని సుత అనకుంట పోయిండు.

ఇయ్యాల శుక్రవారం. మిరుదొడ్డి నుంచి, మర్కూక్ నుంచి నీ దగ్గర నేర్చుకున్నోళ్లు వస్తమని ఫోన్లు చేస్తున్నరు. కార్డులు రేపు పోస్టుల పడకపోతె అందవు. పొద్దుగాల అల్లుడు ఫోన్ చేసి, పగటాల దాకా చూస్త, లేకుంటె ప్రెస్సుకు ఇచ్చేస్త అన్నడు. ఏ ప్రెస్సు అంటె... గదే ప్రెస్సు.

ఇంకోసారి నిన్ను వాళ్ల చేతుల పెట్టాల్నా?

ఫోన్ మూల పడేసిన. అద్దాలు తుడుసుకొని కూసున్న. పరీక్ష పేపర్ చదివినట్టు ఒక్కొక్క గీత చదువుకుంట సెట్టింగులల్లకు పోయిన. భాషల పేజీ దొరికింది. తెలుగును మళ్ల తెచ్చి పెట్టుకున్న. కీబోర్డుల వరుసల నీది సుత దొరికింది. ఆ దుకాణపాయన చెయ్యి అంత దూరం పోలేదు. దాన్ని పెట్టుకున్ననో లేదో, దాని ఎనకనే ఆ నల్ల డబ్బ వచ్చి కూసున్నది.

ఇంత దూరం వచ్చిన, ఇంక కిందికి చదువుదామనుకున్న. ఆ పేజీ అట్టడుగున సన్న అక్షరాలల్ల ఒక ముక్క. నొక్కితె ఇంకో పేజీ. దాంట్ల చిన్న చదరం, చదరంల ఒక టిక్కు. భాష పట్టీని తెర మీద చూపియ్యాల్నా అని దాని పక్కన. టిక్కు తీసిన.

పోయింది. గంతే. ఇంతమంది మొగోళ్లు ఐదు దినాలు కూడి చెయ్యలేని పని... ఒక టిక్కు.

సంబురపడాలె గదా. చెయ్యి మౌస్ మీదనే ఆగిపోయింది.

ఈ డబ్బను నేను ఇంతకుముందు తిట్టిన! కంప్యూటర్ కొత్తగ కొన్ననాడు. గిదేంది కండ్లల్ల నలుసు లెక్క, తీసి పారెయ్యి అని నీ మీద ఎగిరిన. నీకు అప్పుడు మౌస్ పట్టుకుంటె చెయ్యి వణికేది. బాణం ఒకదిక్కు పోతె నువ్వు ఇంకోదిక్కు పోయెటోనివి. తెల్లారి చూస్తె డబ్బ లేదు. ఏమైందని అడిగితె, "నీ నోటికి జడిసి పోయినట్టున్నది." అన్నవ్.

నేను నమ్మిన, లత బాపూ. నలుగురికి చెప్పుకొని నవ్విన సుత.

నువ్వు ఈ పేజీ దాకా వచ్చినవా? ఒక్కొక్క గీత మీద వేలు పెట్టుకుంట? నేను పండుకున్నంక కూసున్నవా, గుడికి పోయినప్పుడు కూసున్నవా? ఎన్నిసార్లు తప్పు పేజీలకు పోయి మళ్ల మొదలుకొచ్చినవ్? తీసినంక ఒక్క మాటన్నా చెప్పొద్దా? నేనేం మెచ్చుకునేదాన్ని కాదనుకో... అయినా చెప్పొద్దా?

ఇంకేమేం తీసి పక్కకు పెట్టినవ్, నా తొవ్వల కెల్లి, నాకు తెల్వకుంట?

ఆ డబ్బ కింద కొట్టిన పాత కార్డు పక్కకు వెట్టి, మొదటి నుంచి కొత్తగ కొట్టిన. నీ పేరు కాడికి వచ్చినంక ఆగిన. నలభై ఆరేండ్లల్ల నీ పేరు నోటితోని ఎన్నడు తియ్యలేదు. బ్యాంకుల అడిగితె సుత కాయితం మీద రాసిచ్చిన. నోటికి రాని పేరు వేళ్లకు వచ్చింది. ఆగకుంట, తడబడకుంట, ఒక్క తీర్గ పడ్డది. నాలుగుసార్లు చదివిన. తప్పు లేదు. మీద కింద ఏ డబ్బ లేదు. నీ పేరు, నీ మొహం, యాడాదినాడు రమ్మని ఒక మాట.

నీ ప్రింటరు మీదనే కార్డులు అచ్చయినయి. బల్ల మీద ఆరవెట్టిన.

పగటాల అల్లుడు ఫోన్ చేస్తె, డబ్బ పోయింది, కార్డులు తయారని చెప్పిన. ఆ డబ్బ ఎట్ల పోయింది, ఎవలు తీసిన్రు అత్తమ్మా అని అడిగిండు. నా నోటికి జడిసి పోయిందని చెప్పిన. నమ్మినట్టే ఉన్నడు.

అప్‌డేటు మళ్ల వస్తదట. వస్తె డబ్బ గూడ మళ్ల రావచ్చునట. రానీ. తీస్త. తీసిననని ఎవ్వలకు చెప్ప.

ఉంట మరి,
లత అమ్మ