రైలు అబ్బా

3 జూన్ 2007, ఆదివారం

ఉద్యోగం పోయింది. రాసి చూసుకుంటే చిన్న వాక్యమే.

బండి గుంతకల్లులో ఆగగానే సూపర్‌వైజర్ మమ్మల్నందరినీ ప్లాట్‌ఫారం మీదికి దింపాడు. పాంట్రీ కాంట్రాక్టు వేరేవాళ్ళకు పోయిందట, యూనిఫాం షర్టులు, బ్యాడ్జీలు ఇచ్చేయాలట. ఏడేళ్ళు ఈ బండిలో భోజనాలు మోశాను. బనియన్‌తో నిలబడి బ్యాగులో ఇంకో చొక్కా వెతుక్కుంటుంటే, కిటికీలోంచి ఒక ప్యాసింజర్ చాయ్ ఇంకా రాలేదేమని కసిరాడు. వస్తోంది సార్ అన్నాను. అలవాటు.

కడపకు బస్సులో వచ్చాను. లీవా అని నా భార్య సబీనా అడిగింది. కాదన్నాను. మా నాలుగేళ్ళ పాప షాహీన్ తల్లి కొంగు వెనక్కి పోయి దాక్కుంది.

5 జూన్

ఇల్లు కదలదు. నిద్ర రాదు.

8 జూన్, శుక్రవారం

ఈ రోజు బుద్ధి లేకుండా కోపం తెచ్చుకున్నాను.

మా బండి కడపలో రెండు నిమిషాలు ఆగుతుంది. నా డ్యూటీ ఉన్నప్పుడల్లా సబీనా పిల్లను తీసుకుని స్టేషన్‌కి వచ్చేది. ఉతికిన బట్టలిచ్చి మాసినవి తీసుకునేది. పాంట్రీ తలుపు దగ్గర నన్ను చూడగానే షాహీన్ అబ్బా అంటూ పరుగెత్తుకొచ్చి మీదికి దూకేది. పేపర్లో చుట్టిన కట్‌లెట్ దాని చేతిలో పెట్టేవాణ్ణి. లీవు దొరికి ఇంటికొచ్చినా పడి నిద్రపోవడమే, లేచి పోవడమే.

ఈ రోజు అది తల్లిని, అబ్బా ఎప్పుడొస్తాడు అని అడిగింది. నేను అక్కడే కూర్చుని మామిడిపండు కోస్తున్నాను. ఈడే ఉండాడు గదే అని సబీనా చూపించింది. షాహీన్ నన్ను పైనుంచి కిందిదాకా చూసి, ఈయన కాదు, రైలు అబ్బా అంది.

కత్తి విసిరేసి బయటికి వెళ్ళిపోయాను. ఎవరి మీద కోపమో తెలియదు. చీకటి పడేదాకా వీధులు తిరిగాను.

12 జూన్

బస్టాండు దగ్గర హోటల్లో సర్వర్‌గా చేరాను. ఈ రోజే మానేశాను. అంటే, మాన్పించారు.

టిఫిన్లు పెట్టేసి లోపలికి పోయాను. రైల్లో మా పద్ధతి అదే. ముందు అందరికీ పంచేస్తాం, డబ్బులు తిరుగు రౌండులో. నడిచే బండిలో తిన్నవాడు ఎక్కడికి పోతాడు? ఇక్కడ తిరిగొచ్చేసరికి టేబుళ్ళు ఖాళీ. ఏమప్పా, ఈడ ధర్మసత్రం పెట్టినామా అన్నాడు ఓనరు.

సబీనా విని పొట్ట పట్టుకుని నవ్వింది. నాకు మండింది. కాసేపటికి నేనూ నవ్వాను. నీ కాళ్ళు ఒకచోట నిలబడవు గదా, క్యాన్ ఎత్తుకోని అంగళ్ళకు చాయ్ పోయ్, అంగళ్ళోళ్ళు యాడికీ పోరు, తిరుగు రౌండులోనే వసూలు చేసుకో అంది. రైల్లో చేసినవాణ్ణి, వీధుల్లో క్యాన్ మోయాలా అన్నాను. రైల్లో మోసింది ఏంది మరి అంది.

14 జూన్

షాహీన్‌కు బిస్కెట్ ఇచ్చాను. తీసుకెళ్ళి తల్లి చేతిలో పెట్టింది.

18 జూన్, సోమవారం

నరసింహ ఫోన్ చేశాడు. మా పాంట్రీలో వంటవాడు. కొత్త కాంట్రాక్టరు వాణ్ణి మళ్ళీ పెట్టుకున్నాడట. నాకు జీతం ఉండదు, అమ్మినదాంట్లో కమీషన్. రేపు సాయంత్రం కడపలో ఎక్కితే చోటుండాదప్పా, లేకుంటే వేరేవాణ్ణి తీసుకుంటారు అన్నాడు. ఆలోచిస్తానని కూడా అనలేదు. సరే అన్నాను. ఫోన్ పెట్టేసరికే కాళ్ళు చెప్పుల్లో ఉన్నాయి. సిగ్గేసింది.

సబీనా చొక్కాలు ఇస్త్రీ చేసింది, చేయాల్సినదానికన్నా గట్టిగా. చివర్లో, ఆ పిల్లకు నువ్వు జీవితమంతా రెండు నిమిషాలేనా అని అడిగింది.

భయంగా ఉంది. ఇంట్లో ఉంటే కూతురికి నేనెవరినో. బండెక్కితే అబ్బాను.

19 జూన్

ముగ్గురం స్టేషన్‌కి వెళ్ళాం. దారిలో షాహీన్ నా వేలు పట్టుకోలేదు.

బండి ఆగింది. పక్క బోగీలో ఎక్కి, లోపలినుంచే నడిచి పాంట్రీ తలుపు దగ్గర నిలబడ్డాను. షాహీన్ అబ్బా అంటూ పరుగెత్తుకొచ్చింది. దిగి ఎత్తుకున్నాను.

కూత వేసింది. నరసింహ చెయ్యి చాచాడు. నేను కదల్లేదు.

బండి పోతాండాది అబ్బా, ఎక్కు, ఎక్కు అని రెండు చేతులతో నా గుండెల మీద నెట్టింది. చివరి బోగీ దాటిపోయాక కూడా నెడుతూనే ఉంది.

నేను దించలేదు.