కత్తెర కింద పడ్డాక

మార్చి 4
బతికున్నాను. ముందు ఆ మాట రాసుకోవాలి.

తమ్ముడు మానసిక జబ్బుకి వాడే మందులు మానేసిన సంగతి మాకెవరికీ తెలియదు. మధ్యాహ్నం మా టైలర్ షాపులో నన్ను ఇంకెవరో అనుకున్నాడు. గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర ఎత్తి మీదికొచ్చాడు. పక్క షాపువాళ్లు ఫోన్ చేస్తే ఇద్దరు పోలీసులు పరుగున వచ్చారు. బుర్రమీసాల కానిస్టేబుల్ వాడి చెయ్యి మెలితిప్పి కింద పడేశాడు. కత్తెర నా కాళ్ల దగ్గర పడింది. ఆయన రాకపోతే ఈ పేజీ ఖాళీగా ఉండేది.

కానీ బేడీలు వేశాక కూడా ఆయన తమ్ముడి వీపు మీంచి మోకాలు తియ్యలేదు. ఊపిరాడట్లేదక్కా అన్నాడు వాడు. ఆయనతో వచ్చిన లేడీ కానిస్టేబుల్ ఆయన భుజం పట్టి లాగింది. బేడీలు పడ్డాయి సార్, ఇంక చాలు, లేవండి అంది.

మార్చి 5
తమ్ముడికి పక్కటెముక విరిగింది. ఊపిరి తీస్తే నొప్పట. తీస్తున్నాడు, అదే పదివేలు.

మార్చి 9
ఆ కానిస్టేబుల్ మీద ఎంక్వైరీ అట, సాక్ష్యానికి రమ్మన్నారు. ఇంట్లో అసెంబ్లీ నడుస్తోంది. ఆ పోలీసాయన మన పాలిట దేవుడు, నోరు మెదపొద్దని మా ఆయన. వాడి ఉద్యోగం ఊడపీకించాల్సిందేనని పిన్ని. అమ్మ ఇద్దరికీ తలూపి ఏడుస్తోంది. పొగిడితే తమ్ముడికి అన్యాయం. తిడితే నా ప్రాణం కాపాడిన మనిషికి అన్యాయం. ఏం చెప్పను?

మార్చి 12
బలప్రయోగం మితిమీరిందా లేదా, ఒక్క మాటలో చెప్పమన్నాడు ఆఫీసర్. ఒక్క మాటలో రాదండీ అన్నాను. తమ్ముడి చేతిలో కత్తెర ఉన్నంతసేపు ఆయన చేసింది నా కోసం, బేడీలు పడ్డాక చేసింది ఎవరి కోసమో ఆయన్నే అడగండి అన్నాను. ఇంతకీ ఇది కంప్లయింటా, థాంక్సా అని విసుక్కున్నాడు. రెండూ రాసుకోమన్నాను.

లేడీ కానిస్టేబుల్ కూడా ఉన్నదున్నట్టు చెప్పిందట. స్టేషన్లో ఆమెతో ఎవరూ మాట్లాడటం లేదట. కారిడార్లో ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చేశాను.

బుర్రమీసాలాయన బెంచీ మీద తలొంచుకుని ఉన్నాడు. ఆయనకీ దండం పెట్టాను. పెట్టకుండా ఉండలేకపోయాను. తమ్ముడెలా ఉన్నాడమ్మా అని అడిగాడు. ఊపిరి తీసుకుంటున్నాడండీ అన్నాను.

మార్చి 30
ఆయన్ని డ్యూటీ నుంచి తప్పించి మళ్లీ ట్రైనింగ్‌కి పంపారు. పిన్నికి అది తక్కువ. మా ఆయనకి ఎక్కువ. నేనైతే హాయిగా నిద్రపోయాను.

ఏప్రిల్ 22
ఆస్పత్రి నుంచి వచ్చాక తమ్ముడు మొదటిసారి షాపుకొచ్చాడు. మందులు మానట్లేదు. నాకు కోటు కుడతాడట. కాలర్ కొలతకి మెడ చుట్టూ టేపు తిప్పాడు. నేను బిగుసుకుపోయాను. వాడు టేపు వదులుగా ఉండేలా కింద తన వేలు పెట్టాడు.